తిరుగు దారి

మొదట కాగితం.
చేపల లెక్క రాసుకునే పుస్తకం వెనకట్ట మీద
మూడు సున్నాలు చుట్టాను:
బడి, ఆసుపత్రి, సహకార సంఘం.
మధ్యన నీళ్లు గీయలేదు,
కిటికీ నిండా అవే.

చిలోయె దీవుల్లో వాన ఆగడమంటే
ఇంకో వానకి చోటివ్వడం.
పొయ్యి పక్కన బంగాళాదుంపలు చెక్కుతూ ఒర్తెన్సియా అడిగింది:
"మూడు కొంపలకి ఇన్ని అంకెలెందుకే?"

బడికి పది, ఆసుపత్రికి ఇరవై, సంఘానికి ముప్పై.
వీధి పేర్లనుకో. వీధిలో గడపకో నంబరు.
ఒకటో నంబరు రౌటర్‌ది,
గుమ్మంలో కూర్చునేది అదే గనక.
ఇక దీవికీ దీవికీ నడుమ
గాలి మీద వేసే వంతెనకి నాలుగే నంబర్లు.
మొదటిది ఊరి పేరు, ఎవరికీ ఇవ్వకూడదు.
చివరిది చాటింపు డప్పు, అదీ అంతే.
మిగిలిన రెండూ
ఆ ఒడ్డుకొకటి, ఈ ఒడ్డుకొకటి.

"సగం వృథా," అంది, చేతిలో తొక్కకేసి చూస్తూ.
నా లెక్కకీ తొక్క ఉంటుందని
అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఎలెయుతేరియో పడవలో
రౌటర్‌ని ఉన్ని శాలువలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను.
"బిడ్డకి చలా?" అన్నాడు. నవ్వలేదు. ఆయన నవ్వడు.
ఆసుపత్రి గోడకి, టీకాల పట్టిక కింద, మేకులు కొట్టి బిగించాం.
నీలం తీగ ఒక కొస దానికి, రెండో కొస నా లాప్‌టాప్‌కి.
నల్లని తెర మీద ఒక గీత మిణుకుతోంది,
ఏం చెప్పమంటావన్నట్టు కాదు,
ఏం చెబుతావో చెప్పి తగలడు అన్నట్టు.
పేరు పెట్టాను. తాళం వేశాను.
పుట్టుకతోనే మూసుకుని ఉండే తలుపుల్ని
ఒక్కొక్కటీ తెరిచాను.
పది వీధికైతే అటు అప్పగించు,
ముప్పై వీధికైతే ఇటు.

మర్నాడు సంఘంలో, నత్తగుల్లల బస్తాల మధ్య, మళ్లీ అంతా.
పేరు, తాళం, తలుపులు...
ఆటు మొదలైంది, పడవ బురదలో దిగబడుతుందని
బయట ఎలెయుతేరియో హారన్ కొడుతున్నాడు.
తీగ పీకి పరిగెత్తాను.

బడి గుమ్మంలోంచి, పది వీధి పేరు మీదే, పిలిచాను.
ఆసుపత్రి పలికింది.
సంఘం పలకలేదు.
ఐదు పిలుపులు, ఐదు చుక్కలు.
యాంటెన్నా తిప్పించాను, అంకెలు వెనకనుంచి ముందుకి చదివాను,
గాలిని తిట్టాను, గాలి చేసిన పాపమేమీ లేకపోయినా.
రెండు రోజులు.

మూడో రోజు వాకీటాకీలో
సంఘం గుమాస్తా సొఫనోర్ గొంతు, నసుగుతూ:
"అదీ... నువ్వు పిలిచానన్న ప్రతిసారీ
ఇక్కడ పచ్చ దీపం ఐదుసార్లు కొట్టుకుంటోంది.
చెప్పొచ్చో లేదో అని ఊరుకున్నా."

కుర్చీలో అలాగే ఉండిపోయాను.
చేరుతున్నాయి. అన్నీ చేరుతున్నాయి.
అక్కడ ప్రతి పిలుపుకీ జవాబు పుడుతోంది,
గుమ్మం దాకా వస్తోంది.
గుమ్మంలోదానికి పది వీధి ఎక్కడో తెలియదు,
ఏ కోపమూ లేకుండా పారేస్తోంది.
వెళ్లే దారి రాశాను.
తిరిగొచ్చే దారి రాయలేదు.

పడవ అక్కర్లేకపోయింది.
ఆసుపత్రి రౌటర్‌లోకి వెళ్లి
అక్కణ్ణించి సంఘం గుమ్మంలోకి వంగి
ఒక్క వాక్యం రాశాను.
ఈసారి ఐదు ఆశ్చర్యార్థకాలు.
అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పడానికి
ఆ గుర్తునే ఎవరు ఎంచారో గానీ,
నాకంటే ముందు వాళ్లూ
ఏదో ఒడ్డున రెండు రోజులు గాలిని తిట్టి ఉంటారు.

ఆ దారిన నడిచిన మొదటి ఉత్తరం
సొఫనోర్ నుంచి బడికి:
నా గొడుగు మీ దగ్గర మర్చిపోయానా?
తిరుగు దారిన వచ్చింది:
అవును. నల్లది కదా? ఒక ఊచ విరిగింది.

చెప్పినవన్నీ మర్చిపోకుండా దాచుకోమని
మూడు రౌటర్లకీ ఇంకొక్క మాట చెప్పి
లాప్‌టాప్ మూశాను.
రాత్రి పదింటికి కరెంటు పోయింది.